అబ్బాయిలు, అమ్మాయిలు: విడివిడిగా చెప్పాలా, కలిపి చెప్పాలా?

తొమ్మిదో తరగతికి లింగ హింస నివారణ పాఠం చెప్పబోయేవారు ముందుగా తేల్చుకోవాల్సింది ఇదే.

ఖర్చు: విడిగా అయితే ఇద్దరు ట్రైనర్లు, రెండు గదులు. కలిపితే ఒక్కరు చాలు.

శ్రమ: కలిపినప్పుడే ఎక్కువ. వెనక బెంచీ నుంచి ఒక్క వెకిలి మాట పడితే అమ్మాయిలు ఇక నోరు విప్పరు. ప్రశ్నలు పేరు రాయని చీటీల మీద రాయించి డబ్బాలో వేయించండి. అందరి చేతా రాయించాలి, లేకపోతే రాసినవాళ్లెవరో తెలిసిపోతుంది.

రిస్కు: విడిగా ఉన్నప్పుడు తమకు జరిగింది బయటపెట్టే పిల్లలుంటారు, అబ్బాయిలు కూడా. ఎవరికీ చెప్పనని మాటివ్వకండి. పద్దెనిమిదేళ్లలోపువారిపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం (2012) 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలపాల్సిందే. ఆ సంగతి పాఠం మొదట్లోనే చెప్పడం పిల్లలపట్ల న్యాయం. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు బోర్డు మీద రాసి ఉంచండి.

వేధింపులు, శరీరం గురించైతే విడిగా. తోటివారిని ఏడిపిస్తుంటే ఎలా అడ్డుకోవాలో కలిపి సాధన చేయించండి. ఒక్క పీరియడే దొరికితే విడిగానే మేలు.