జాగ్రత్త: ‘అసకుసా’ అని పేరు పెట్టి టోక్యోలో ఎక్కడో గది అంటగడుతున్నారు

టోక్యో వెళ్లేవాళ్లు, ముఖ్యంగా అమ్మానాన్నల్ని, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లు గదికి డబ్బు కట్టేముందు దయచేసి ఇది చదవండి. మొన్న సాకురా (చెర్రీ పూల) సీజన్‌లో మా కుటుంబం ఒక అద్దె ఇంటి విషయంలో పూర్తిగా మోసపోయింది. మనవాళ్లు ఇంకొకరు అందులో పడకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ప్రకటనలో ‘అసకుసా, స్టేషన్‌కు 8 నిమిషాలు, లిఫ్ట్ ఉంది, కుటుంబాలకు అనుకూలం’ అని ఉంది. ఫోటోల్లో అసకుసాలోని పేరున్న సెన్సోజీ గుడి, ఆ గుడి కమినారిమోన్ ద్వారం దగ్గర ఎర్ర లాంతరు. మ్యాపులో చూపించేది ఒక పెద్ద గుండ్రం మాత్రమే. అసలు చిరునామా డబ్బంతా కట్టాకే పంపారు. అందులో ఉన్నది తైతో వార్డు, అసకుసా ఉన్నదీ తైతో వార్డే. అందుకే పైపైన చూస్తే ఎవరికీ అనుమానం రాదు. తీరా దిగి చూస్తే ఇల్లు ఉత్తరాన కియోకవా వైపు ఉంది. దగ్గరి స్టేషన్ మినామి సెంజు. గుడికి నడిచి వెళ్లాలంటే మోకాళ్ల నొప్పులున్న మా అమ్మకు దారిలో రెండుసార్లు కూర్చోవాల్సి వచ్చేది. లిఫ్ట్ అన్న చోట ఇరుకు ఇనుప మెట్లు. మూడో అంతస్తు.

ఆ చుట్టుపక్కల ప్రాంతాన్ని ఒకప్పుడు సాన్యా అనేవారు. రోజు కూలీలు తలదాచుకునే చవక లాడ్జీల పేట. 1966లో ఆ పేరును చిరునామాల్లోంచే తీసేశారు. అక్కడ భయపడాల్సిందేమీ లేదు, ఇరుగుపొరుగు మర్యాదస్తులే. ఆ లాడ్జీల్లో ఇప్పుడు వీపున బ్యాగుతో తిరిగే విదేశీ కుర్రాళ్లు కూడా దిగుతున్నారు. ఒంటరిగా, తక్కువ ఖర్చుతో తిరగాలనుకునేవాళ్లకు అది మంచి చోటే. మినామి సెంజు అని చెప్పి, ఆ ధరకే ఇస్తే ఎవరికీ ఫిర్యాదు లేదు. అసకుసా అని చెప్పి, అసకుసా ధర వసూలు చేశారు. నా కోపం దాని మీద.

అసలు దెబ్బ ఆ రాత్రి వచ్చిన మెసేజ్. ‘ఎవరైనా అడిగితే స్నేహితుల ఇంటికి వచ్చామని చెప్పండి. చెత్త బయట పెట్టకండి. పక్కింటివాళ్లతో మాట్లాడకండి.’ ఇలాంటి మాట ఎవరి నుంచైనా వస్తే అక్కడితో ఆగిపోండి. అది అనుమతి లేని ఇల్లని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. మర్నాడు పొద్దున మెట్ల దగ్గర ఒక పెద్దాయన ఫోన్‌లో అనువాదం పెట్టి, ‘మీరు ఇక్కడ అద్దెకు దిగారా?’ అని మా నాన్నని అడిగాడు. ఆయన గొంతులో కోపం లేదు. అయినా డెబ్బై దాటిన మా నాన్న పరాయి దేశంలో అబద్ధం చెప్పాలా, నిజం చెబితే పోలీసులు వస్తారా అని తెల్లమొహం వేసుకుని నిలబడ్డారు. ఆ పూటే ఖాళీ చేసి ఉయెనోలో హోటల్‌కి మారాం. అప్పటికప్పుడు దొరికిన గది, ధర మండిపోయింది. ఇంటి యజమాని పైసా వెనక్కివ్వనన్నాడు. బుకింగ్ సంస్థతో చాలా వాదించాక కొంత మాత్రం వచ్చింది.

జపాన్‌లో ఇళ్లను ఇలా అద్దెకివ్వడానికి 2018 జూన్ నుంచి ప్రత్యేక చట్టం అమల్లో ఉంది. ఇలా అద్దెకివ్వడాన్ని మిన్‌పాకు అంటారు. ఆ చట్టం ప్రకారం నమోదు చేసుకున్న ఇంటిని ఏడాదికి 180 రోజులకు మించి ఇవ్వకూడదు. నమోదు సంఖ్య ‘ఎం’ అక్షరంతో మొదలవుతుంది, ప్రకటనలో అది కనపడాలి. ఇంటి గుమ్మం దగ్గర గుర్తింపు బోర్డు ఉండాలి. హోటల్, రియోకాన్ (జపాన్ సంప్రదాయ వసతి గృహం) లాంటివి వేరే చట్టం కింద లైసెన్సు తీసుకుంటాయి. ఇంకా కొన్ని వార్డులు సొంత నిబంధనలు పెట్టాయి. షింజుకు వార్డులో నివాస ప్రాంతాల్లోని మిన్‌పాకును సోమవారం మధ్యాహ్నం నుంచి శుక్రవారం మధ్యాహ్నం దాకా నడపకూడదు. అలాంటి వీధిలో ఎవరైనా మీకు వారం మధ్యలో గది ఇస్తామంటే ఏ అనుమతితో ఇస్తున్నారో ముందే అడగండి. మరో గుర్తు: జపాన్‌లో చిరునామా లేని విదేశీయుల పాస్‌పోర్ట్ వివరాలు తీసుకోవడం గది ఇచ్చేవాళ్ల బాధ్యత. మమ్మల్ని ఎవరూ పాస్‌పోర్ట్ అడగలేదు. అడగనందుకు సంతోషించకండి.

ఇప్పుడు ‘8 నిమిషాలు’ సంగతి. అక్కడ ఇళ్ల ప్రకటనల్లో 80 మీటర్లకు ఒక నిమిషం చొప్పున లెక్క కడతారు. సిగ్నల్ దగ్గర నిలబడే సమయం, ఎక్కే మెట్లు, లాగే సూట్‌కేసు అందులోకి రావు. పైగా ఆ లెక్క స్టేషన్‌కి దగ్గరి ద్వారం వరకే, ప్లాట్‌ఫారం వరకు కాదు. షింజుకు లాంటి పెద్ద స్టేషన్‌లో 200కు పైగా ద్వారాలున్నాయి, తప్పు ద్వారంలోంచి బయటపడితే స్టేషన్ చుట్టూ తిరగడానికే అరగంట పడుతుంది.

అసకుసాలో ఇంకో మెలిక. ఆ పేరుతో స్టేషన్ ఒక్కటే కాదు. గింజా లైన్, తోయెయి అసకుసా లైన్, తోబు రైలు స్టేషన్లు సుమిదా నదికి దగ్గరగా ఉంటాయి. త్సుకుబా ఎక్స్‌ప్రెస్ వాళ్ల అసకుసా స్టేషన్ మాత్రం వాటికి పడమరగా, అర కిలోమీటరుకు పైగా దూరంలో ఉంది. నరితా విమానాశ్రయం నుంచైనా, హనెడా విమానాశ్రయం నుంచైనా అసకుసాకు నేరుగా వచ్చే రైళ్లు తోయెయి అసకుసా లైన్ మీదకే వస్తాయి. కాబట్టి ‘అసకుసా స్టేషన్ దగ్గర’ అంటే చాలదు, ఏ లైన్ స్టేషనో అడగాలి. అసకుసాబాషి పూర్తిగా వేరే చోటు. అదే లైన్‌లో రెండు స్టేషన్ల అవతల ఉంటుంది. చోటు మంచిదే, అసకుసా అని అమ్మితేనే తప్పు.

పిల్లలతో వెళ్లేవాళ్లకు మరో రెండు పేర్లు చెప్పాలి. ఉగుయిసుదానీ నగరం చుట్టూ తిరిగే యమనోతే లైన్ మీదే, ఉయెనో పక్క స్టేషనే, ధర కూడా ఊరిస్తుంది. కానీ స్టేషన్ ఎదురుగా వరసపెట్టి ఉన్నవి జంటలకు గంటల లెక్కన ఇచ్చే హోటళ్లు. షింజుకులో కబుకిచో వీధులు రాత్రిళ్లు బార్లలోకి లాగే దళారులతో నిండి ఉంటాయి. వాళ్ల వెంట వెళ్లొద్దని అక్కడ మైకుల్లో హెచ్చరిస్తూనే ఉంటారు. కుర్రాళ్ల సంగతి వేరు గానీ, అమ్మానాన్నలతో రాత్రి పది గంటలకు ఆ దారిన గదికి చేరడం నాకు ఇష్టం లేదు.

దూరంగా తీసుకున్నా ఫర్వాలేదు, రైళ్లు ఉన్నాయిగా అంటారు కొందరు. చాలా లైన్లలో అర్ధరాత్రి దాటాక కాసేపటికే ఆఖరి రైలు వెళ్లిపోతుంది, మళ్లీ తెల్లవారుజామునే. టాక్సీకి రాత్రి 10 నుంచి పొద్దున 5 దాకా 20 శాతం ఎక్కువ. అదీ లెక్కలో వేసుకుంటే చవక గది చవక కాదు.

హోటల్ గదుల్లో ‘సెమీ డబుల్’ అని కనిపిస్తే అది సుమారు 120 సెంటీమీటర్ల వెడల్పు మంచం. ఇద్దరికని అమ్ముతారు. నా మాట విని ట్విన్ (రెండు విడి మంచాల గది) తీసుకోండి.

మేం చివరికి దిగిన ఉయెనో, ఒకాచిమాచి ప్రాంతం మన కుటుంబాలకు బాగా సరిపోతుంది. నరితా నుంచి స్కైలైనర్ రైలు సుమారు 45 నిమిషాల్లో తెచ్చి దింపుతుంది. యమనోతే, గింజా, హిబియా లైన్లు చేతిలో ఉంటాయి. ఒకాచిమాచిలో నగల రాళ్ల వ్యాపారం చేసే భారతీయులు ఎప్పటినుంచో ఉన్నారు కాబట్టి శాకాహారం దొరుకుతుంది. మా అమ్మ అన్నం, పప్పు తిన్నాకే మాతో మామూలుగా మాట్లాడింది. ఎక్కువ రోజులు ఉండి వండుకునేవాళ్లయితే ఎదొగవా వార్డులోని నిషి కసాయి చూడండి. మనవాళ్లు, మన సరుకుల కొట్లు అక్కడ ఉన్నాయి. ఒక్క ఇబ్బంది, అక్కడి తోజాయి లైన్ పొద్దున పూట విపరీతమైన రద్దీ. 2019లో ఆ లైన్‌లోని కిబా స్టేషన్ దగ్గర రైళ్లు సామర్థ్యానికి 199 శాతం నిండి నడిచేవి. పిల్లల్తో తొమ్మిది దాటాకే బయల్దేరండి.

బుక్ చేయాల్సిందే అనుకుంటే, ఉచితంగా రద్దు చేసుకునే గడువున్న గదే తీసుకోండి. చిరునామా చేతికి రాగానే మ్యాపులో పెట్టి వీధి ఫోటోలు చూడండి, నమోదు సంఖ్య అడగండి, లిఫ్ట్ ఫోటో పంపమనండి. జవాబు దాటేస్తే గడువులోపే రద్దు చేసేయండి. ఇప్పటికే బుక్ చేసినవాళ్లు ఇంటి నంబరు లేకుండా వార్డు, చోమె (పేటలో ఒక విభాగం), స్టేషన్ పేరు మాత్రం కింద రాయండి. అది నిజంగా చెప్పిన చోటే ఉందో లేదో నాకు తెలిసినంతవరకు చూసి చెప్తాను.