చెన్నైలో ‘పార్టీ స్లైడర్ కిట్’ ఆర్డర్ పెట్టేవాళ్లు జాగ్రత్త: రోస్ట్ బీఫ్ తూకంలో సగానికి దగ్గర నీళ్లకే పోతోంది

క్రిస్మస్ విందులకు ఆర్డర్లు పెట్టే రోజులు కాబట్టి ఇప్పుడే చెప్పడం మంచిది. ఫ్రోజెన్ మాంసం ఇంటికి పంపే ఒక ఆన్‌లైన్ దుకాణం చెన్నైలో ‘హాట్ రోస్ట్ బీఫ్ అండ్ చీజ్ స్లైడర్ కిట్’ అమ్ముతోంది. స్లైడర్ అంటే చిన్న బన్నులో మాంసం, చీజ్ పెట్టి చేసే శాండ్‌విచ్. డబ్బా మీద ‘24 స్లైడర్లు, 10 మందికి’ అని ఉంటుంది. లోపల 24 చిన్న బన్నులు, 600 గ్రాముల రోస్ట్ బీఫ్ స్లైసులు, 12 చీజ్ స్లైసులు, ఒక సాస్ ప్యాకెట్. 50 మంది విందుకు 5 కిట్లు వచ్చాయి. వచ్చినవి వచ్చినట్టు తూచి చూశాం. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది కాబట్టి దుకాణం పేరు రాయడం లేదు. గుర్తులు మాత్రం వివరంగా రాస్తున్నాం, ఇంకో దుకాణంలో ఇంకో పేరుతో దొరికినా పట్టుకోవచ్చు.

ముందు తూకం సంగతి. ప్యాకెట్ మీద 600 గ్రాములు. ఫ్రిజ్ కింది అరలో రాత్రంతా ఉంచి, మంచు కరిగాక జల్లెడలో వేసి నీరు వార్చితే మిగిలింది 465 గ్రాములు. స్లైడర్ వేడిగా పెట్టాలి కదా, వేడిచేశాక తూస్తే 350. అంటే ఒక్కో బన్నుకు 15 గ్రాములు కూడా లేదు. చేత్తో తినే చిన్న శాండ్‌విచ్‌కి వండిన మాంసం 30 నుంచి 40 గ్రాములు పడాలి. అంతకు తగ్గితే నోటికి బన్నూ వెన్నా తప్ప ఇంకేమీ తగలదు.

ఆ నీళ్లు ఎక్కడివో ఒక స్లైసు పెనం మీద వేస్తే అర్థమవుతుంది. సన్న మంట మీద అర నిమిషంలో అంచుల చుట్టూ తెల్లని నురగ లేస్తుంది, తర్వాత స్లైసు తన నీళ్లలో తానే ఉడకడం మొదలెడుతుంది. నిమిషం దాటాక చాప చుట్టినట్టు ముడుచుకుంటుంది. అట్లకాడతో ఎత్తితే మధ్యలో గుండ్రంగా ఒక అతుకు విడిపోతుంది. ఒకే కండ నుంచి కోసిన స్లైసు అలా విడిపోదు, పోగుల వెంట చీలుతుంది. గుండ్రంగా విడిపోయిందంటే చిన్న ముక్కలను కలిపి, అచ్చులో నొక్కి, ఉడికించి కోసిన సరుకన్నమాట. దాన్ని అమ్మడం నేరమేమీ కాదు. కానీ ‘హోల్ మజిల్ రోస్ట్’, అంటే ఒకే కండను వేయించినది అని బొమ్మ వేసి అమ్మితే మోసమే.

లేబుల్ వెనక్కి తిప్పండి. పదార్థాల పేర్లు బరువు ఎక్కువున్నదాని నుంచి తక్కువున్నదానికి వరసగా రాయాలని నియమం. మాంసం తర్వాత వెంటనే ‘నీరు’ కనిపిస్తే ఉప్పునీళ్లు ఎక్కించారని. ఆ తర్వాత స్టార్చ్, ఐఎన్‌ఎస్ 451, ఐఎన్‌ఎస్ 407 ఉంటే (ఐఎన్‌ఎస్ అంటే ఆహారంలో కలిపే పదార్థాలకు ఇచ్చే అంతర్జాతీయ నంబరు) ఆ నీళ్లను పట్టి ఉంచడానికి వేసినవి. 451 ఫాస్ఫేటు, 407 క్యారజీనన్, సముద్రపు నాచు నుంచి తీసే జిగురు. ఐఎన్‌ఎస్ 250 ఉందంటే సోడియం నైట్రైట్. స్లైసు లోపల కనిపించే అందమైన గులాబీ రంగు దానిదే, వేయించడంలో చూపిన నేర్పు కాదు. మామూలుగా వేయించిన మాంసాన్ని మళ్లీ వేడిచేస్తే గోధుమ రంగుకు తిరుగుతుంది, నైట్రైట్ పట్టించింది ఎంత కాల్చినా గులాబీగానే ఉంటుంది. అంచున ఉన్న నల్లని ‘కాలిన’ పట్టీ కూడా 150డి అని రాసి ఉంటే పంచదార రంగే.

ఒక మాట వాళ్ల తరఫున కూడా చెప్పాలి. స్లైసు మీద పచ్చగా, నీళ్ల మీద కిరోసిన్ పడ్డట్టు రంగులు మెరుస్తాయని కొందరు పారేస్తారు. అది చెడిపోయినట్టు కాదు. పోగులకు అడ్డంగా కత్తి పడినచోట వెలుతురు విరిగి అలా కనిపిస్తుంది. చెడిపోయిందా లేదా అన్నది వేళ్లకు అంటే జిగట, పులిసిన వాసన చెబుతాయి. ప్యాకెట్ లోపల మంచు తురుములా గడ్డ కట్టి ఉంటే మాత్రం దారిలో ఒకసారి కరిగి మళ్లీ గట్టిపడిందని అనుమానించి, డెలివరీ అబ్బాయి ఉండగానే ఫోటో తీసి వెనక్కి పంపండి.

చీజ్ దగ్గర ఇంకో మెలిక. 24 స్లైడర్లకు 12 స్లైసులంటే ఒక వరసకే సరిపోతుంది. ఈ వంటకంలో చీజ్ రెండు వరసలుండాలి, కింది బన్ను మీద ఒకటి, మాంసం మీద ఒకటి. రుచి ఒక్కటే కారణం కాదు. కింది వరస కరిగి రొట్టెకు పూతలా పట్టుకుంటుంది, మాంసం రసం అందులోకి దిగదు. అది లేకపోవడంతో కిట్‌లో చెప్పినట్టే చేసిన ట్రేలలో కింది బన్ను తడిసిన కాగితంలా ట్రేకే అతుక్కుంది, పైభాగం మాత్రమే చేతికొచ్చింది. పైగా ఆ స్లైసుల పదార్థాల్లో పామాయిల్ ఉంది, ముందు వైపు ‘చీజీ స్లైస్’ అని రాశారు. పాలకొవ్వు తీసి వేరే నూనె వేసినదాన్ని చీజ్ అని పిలవకూడదు కాబట్టి ఆ చివరి దీర్ఘం వచ్చింది, తెలివి అంటే అదీ. మామూలు ప్రాసెస్డ్ చీజ్ స్లైసుల 200 గ్రాముల ప్యాకెట్‌లో 10 ఉంటాయి, ఈ పనికి అవి చాలు. విదేశీ వంటల వీడియోల్లో చూపే ప్రోవలోన్ అనే ఇటలీ చీజ్ కోసం ఊరంతా తిరగక్కర్లేదు. ప్రాసెస్డ్ చీజ్‌లో ఉండే లవణాల వల్ల అది నూనె విడవకుండా కరుగుతుంది. 50 మంది వంటలో ఆ గుణమే కావాలి.

బన్నుల సంగతి క్లుప్తంగా. చెన్నై బేకరీలో ఉత్త ‘బన్ను’ అని అడిగితే బన్ బటర్ జామ్‌కి వాడే తియ్యటి బన్ను ఇస్తారు, ఒక్కోసారి టూటీ ఫ్రూటీతో సహా. తీపి లేని పావ్ గానీ డిన్నర్ రోల్స్ గానీ, విడదీయకుండా పలకగా ఇమ్మని ముందు రోజే చెప్పాలి.

ఇక కిట్ మానేసి కొట్టు మాంసంతో చేసుకునే లెక్క. 50 మందికి 120 స్లైడర్లు. పక్కన బిరియానో పులావో ఉంటే 100 చాలు. 120కి వండిన మాంసం 4.2 కిలోలు కావాలి. దానికి ఎముక లేని పచ్చి మాంసం 7 కిలోలు తీసుకోండి, ఎందుకంటే మెల్లగా ఉడికేటప్పుడు 35 నుంచి 40 శాతం బరువు తగ్గుతుంది. తొడ భాగం అడగండి. అండర్‌కట్ (వెన్నెముక కింది కండ) మెత్తగా ఉంటుంది గానీ ఖరీదు, ఈ వంటకు దండగ కూడా.

చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. అమెరికా వీడియోల్లో లోపల 55, 60 డిగ్రీలు రాగానే దించేసి ఎర్రగా కోస్తారు. అక్కడ కోసేది లేత పశువును. తమిళనాడులో 1958 నాటి జంతు సంరక్షణ చట్టం ప్రకారం పదేళ్లు దాటి పనికీ సంతానానికీ పనికిరాదనో, గాయం, వైకల్యం, నయంకాని జబ్బు వల్ల శాశ్వతంగా పనికిరాకుండా పోయిందనో ధ్రువపత్రం ఉన్న పశువునే కోయాలి. ఎద్దయినా గేదైనా చాలావరకు ముసలిదే. ఆ కండల పోగులను కలిపి ఉంచే కొలాజెన్ 60 డిగ్రీలకు కరగదు, చెప్పుతోలులా సాగుతుంది. లోపల 90 డిగ్రీల దాకా తీసుకెళ్లి అక్కడ కొంతసేపు ఉంచితేనే జెలటిన్‌గా మారి మెత్తబడుతుంది. చెన్నై పెరంబూర్‌లోని ఆంగ్లో ఇండియన్ ఇళ్లలో రోస్ట్ అంటే మూతపెట్టి కుండలో మగ్గించేదే. ఆ పద్ధతే మనకూ సరి.

మాంసాన్ని కిలోంబావు ముక్కలుగా కోయించి నూలు దారంతో కట్టండి. కిలోకు ఉప్పు 15 గ్రాములు, దంచిన మిరియాలు 10 గ్రాములు పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. మర్నాడు మందపాటి గిన్నెలో అన్ని వైపులా ముదురు రంగు వచ్చేదాకా కాల్చండి. ఒక్కసారే అన్నీ వేస్తే నీరు ఊరి ఉడుకుతాయి తప్ప కాలవు. అదే గిన్నెలో కిలో ఉల్లిపాయలు, వెల్లుల్లి వేయించి, నీళ్లు పోసి అడుగున అంటినదంతా గీకి, కాల్చిన మాంసంతో పాటు కుక్కర్‌లో పోయండి. మొదటి కూత వచ్చాక సన్న సెగ మీద 45 నుంచి 50 నిమిషాలు. ఫోర్క్ గుచ్చితే కొంచెం బిగువుగా దిగాలి. విడిపోయేంత ఉడికితే స్లైసులు రావు, కీమా అవుతుంది.

ఇప్పుడు అసలు ప్రమాదం ఉన్న చోటు. ఉడికిన 4 కిలోల మాంసాన్ని రసంతో సహా అదే గిన్నెలో మూతపెట్టి వదిలేస్తే మధ్యలో గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. క్లాస్ట్రీడియం పెర్ఫ్రింజెన్స్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా అన్నీ చావవు, ఆ వెచ్చదనంలో మొలకెత్తి పెరుగుతాయి. విందుల తర్వాత మూకుమ్మడిగా కడుపునొప్పి, విరేచనాలు పట్టుకునే కేసుల్లో దీని పాత్ర బాగా తెలిసిందే. 60 డిగ్రీల నుంచి 21కి రెండు గంటల్లో, అక్కడి నుంచి 5కి ఇంకో నాలుగు గంటల్లో దిగాలి. కాబట్టి మాంసాన్ని బయటకు తీసి వెడల్పు పళ్లెంలో విడివిడిగా ఫ్యాన్ కింద పెట్టండి, ఆవిరి ఆగగానే ఫ్రిజ్‌లోకి. రసాన్ని వడకట్టి రెండు మూడు చిన్న గిన్నెల్లో పోసి ఐస్‌నీళ్ల పళ్లెంలో ఉంచి చల్లార్చండి. కిట్ కాగితంలో ‘కరిగించి గది వేడిలో మూడు గంటలు ఉంచండి’ అని రాశారు. చెన్నై వేడిలో ఆ సలహా పాటించకండి.

రాత్రంతా చల్లబడ్డ మాంసాన్ని మర్నాడు కండ పోగులకు అడ్డంగా 2 మిల్లీమీటర్ల మందాన కోయాలి. పోగుల వెంట కోస్తే ఒక్క కొరుకుకు ముక్క మొత్తం బన్నులోంచి బయటికి లాక్కొస్తుంది. గడ్డకట్టిన కొవ్వు తీసేసి రసాన్ని మరిగించి, స్లైసులను అందులో ముంచి పైకెత్తి వార్చండి. తడి ఉండాలి, కారకూడదు. మిగిలిన రసం ఉప్పు చూసి చిన్న గ్లాసుల్లో నంజుకోడానికి ఇవ్వండి, సాస్ ప్యాకెట్ల కన్నా వెయ్యి రెట్లు నయం.

12 బన్నుల పలకను విడదీయకుండా రంపపు కత్తితో అడ్డంగా రెండుగా కోయండి. కింది సగం ఒక్కదాన్నే 180 డిగ్రీల్లో 4 నిమిషాలు కాల్చి తీయండి. దానిమీద 6 చీజ్ స్లైసులు, 420 గ్రాముల మాంసం, మళ్లీ 6 స్లైసులు, పై సగం. 50 గ్రాముల కరిగిన వెన్నలో చెంచా మస్టర్డ్, రెండు చెంచాల వూస్టర్ సాస్, కాసిని వేయించిన ఉల్లిపాయలు కలిపి పైన బ్రష్‌తో రాయండి. కుమ్మరిస్తే పక్కల నుంచి దిగి అడుగున చేరుతుంది. గసగసాలు చల్లితే చూపుకు బాగుంటుంది, లేకపోయినా లోటు లేదు. ఫాయిల్ కప్పి 175 డిగ్రీల్లో 15 నిమిషాలు, ఫాయిల్ తీసి 5 నిమిషాలు. థర్మామీటర్ ఉంటే మధ్యలో 74 డిగ్రీలు చూపించాలి.

ఇలాంటి పలకలు 10 కావాలి. ఇంట్లో ఉండే 30 లీటర్ల ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్‌లో) ఒకసారికి ఒకటే పడుతుంది, అంటే మూడు గంటల పైమాట. మొదటి ట్రే తినేవాళ్లు ఇంటికి వెళ్లిపోయాక చివరి ట్రే వస్తుంది. వీధి చివర బేకరీవాళ్లను మధ్యాహ్నం రొట్టెలు దించాక ఓవెన్ ఇమ్మని అడగండి, 10 ట్రేలు రెండు విడతల్లో అయిపోతాయి. మైక్రోవేవ్ జోలికి పోవద్దు. కిట్ మీద ‘3 నిమిషాలు మైక్రోవేవ్’ అని రాసి ఉన్నా సరే, బన్ను రెండు నిమిషాలు మెత్తగా ఉండి తర్వాత రబ్బరవుతుంది. బఫేలో నీళ్ల ట్రే మీద పెడితే ఆవిరికి నానుతుంది, అందుకని పంక్తి సిద్ధమయ్యాకే ట్రే బయటకు తీయండి.

ఇప్పటికే కిట్ కొన్నవాళ్లకు. డబ్బా విప్పేటప్పుడు వీడియో తీయండి, తూకం మీద పెట్టిన ఫోటోలో లేబుల్, బ్యాచ్ నంబరు, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు కనిపించాలి. గడువు కూడా చూడండి. ఆన్‌లైన్ డెలివరీ నాటికి కనీసం 30 శాతం గానీ 45 రోజులు గానీ గడువు మిగిలి ఉండాలని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2024లో ఈ-కామర్స్ సంస్థలకు చెప్పింది. లేబుల్, పదార్థాల సమస్యలకు వాళ్ల ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో, డబ్బు తిరిగి రాబట్టుకోడానికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టండి. దుకాణంవాళ్లు ముందు ‘కరిగితే తగ్గడం సహజం’ అంటారు, తర్వాత వాళ్ల వాలెట్‌లో కూపన్ వేస్తామంటారు. కూపన్ తీసుకున్న మరుక్షణం వాళ్ల రికార్డులో మీ ఫిర్యాదు ‘పరిష్కారమైంది’ అని మూసేస్తారు. ఫిర్యాదు నంబరు చేతికి వచ్చేదాకా దేనికీ సరేననకండి.