క్వెర్సీ సున్నపురాతి దారుల మీద ఆరేళ్ల సైకిల్

మాది బేతంచెర్ల వైపు. ఇంటి గచ్చు, చేని గట్టు, కొట్టం పైకప్పు అన్నీ నాపరాళ్లే చూస్తూ పెరిగాను. ఉద్యోగానికి ఫ్రాన్స్‌లోని తూలూజ్ చేరి, 2019 వసంతంలో ఒక స్టీల్ ఫ్రేమ్ టూరింగ్ సైకిల్ కొన్నాక నన్ను పట్టుకున్నది మళ్లీ సున్నపురాతి నేలే. తూలూజ్ నుంచి రైల్లో ఉత్తరానికి గంటన్నర వెళ్తే కాహోర్ వస్తుంది. దానికి తూర్పున, ఈశాన్యాన పరుచుకున్న రాతి పీఠభూముల్ని అక్కడివాళ్లు ‘కోస్’ అంటారు. ఆ ప్రాంతం మొత్తానికి పాత పేరు క్వెర్సీ. ఆరేళ్లలో అక్కడ 9,000 కిలోమీటర్లు దాటాను. ట్రాఫిక్ లేకుండా ప్రశాంతంగా తొక్కుకునే చోటు ఏదైనా ఉంటే చెప్పమని మిత్రులు అడుగుతూ ఉంటారు. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

మొదటి ఏడాది నేను చేసిన పొరపాటుతోనే మొదలుపెడతాను. సైకిల్ బోర్డులు ఉన్న దారి అంటే ప్రశాంతమైన దారి అనుకున్నాను. ఈ పీఠభూముల మధ్యగా పారే లోత్ నది వెంట అధికారికంగా సైకిల్ మార్గం ఉంది, చాలా అందమైనది కూడా. కానీ లోయ ఇరుకు. నది, రోడ్డు, కొండ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి చాలాచోట్ల సైకిల్‌కూ కారుకూ అదే రోడ్డు. జులై, ఆగస్టు నెలల్లో కనో పడవలు మోసుకెళ్లే వ్యాన్లు, కారవాన్లు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. ఊరి బయట సైకిల్‌ని దాటేటప్పుడు మీటరున్నర ఎడం వదలాలని ఇక్కడ చట్టం, ఎక్కువమంది పాటిస్తారు కూడా. అయినా వెనక నుంచి ఇంజిన్ శబ్దం వినిపించిన ప్రతిసారీ భుజాలు బిగుసుకుంటాయి. ఆ టెన్షన్‌తో తొక్కడానికి ఇంత దూరం రావడం ఎందుకు?

ప్రశాంతత ఉన్నది పైన, పీఠభూమి మీద. అది దొరికే కిటుకు మిషెలాన్ కంపెనీ కాగితపు మ్యాపులో ఉంది. ఒక సెంటీమీటరుకు కిలోమీటరున్నర చూపించే జిల్లా మ్యాపు కొనండి. అందులో పెద్ద రోడ్లను చూపే ఎర్ర గీతలు, పసుపు గీతలు వదిలేసి చిన్న దారుల తెల్ల గీతలు పట్టుకోవాలి. రోడ్డు పక్కన ఆకుపచ్చ గీత ఉంటే చూడదగ్గ దృశ్యాలున్న దారి అని అర్థం. నేను మాత్రం ఎండాకాలం సెలవుల్లో ఆ గీత ఉన్న రోడ్డు ఎక్కను, ఎందుకంటే కార్లవాళ్లు చూసేదీ అదే. ఏ గుర్తూ లేని సన్నటి తెల్లదారులే మనవి. పల్లె నుంచి పల్లెకు, అక్కడి నుంచి ఇంకో నాలుగిళ్ల పల్లెకు పోతాయి. సన్నవే అయినా తారు వేసినవే. కజార్క్ నుంచి ఎక్కి, సాన్-షెల్ మీదుగా సెలే నది ఒడ్డున ఉన్న మర్సియాక్‌కు దిగే దారిలో ఒక మే నెల మంగళవారం పొద్దున నన్ను దాటింది ఒకే ఒక్క బండి. అది పోస్టు వ్యాను.

ఇంత ఖాళీ ఎందుకని మొదట్లో ఆశ్చర్యపోయేవాణ్ని. లోత్ జిల్లా జనాభా 1851లో 3 లక్షలకు దగ్గరగా ఉండేది. ఇప్పుడు సుమారు 1,75,000. ద్రాక్ష వేళ్లను తినే ఫిలాక్సెరా పురుగు 1870ల తర్వాత తోటల్ని తుడిచిపెట్టింది, బతుకుతెరువుకు జనం నగరాలకు పోయారు, మొదటి ప్రపంచ యుద్ధం ఊరూరా యువకుల్ని మింగింది. ఏ పల్లెకు వెళ్లినా ఇళ్లు పదో పదిహేనో ఉంటాయి, యుద్ధ స్మారకం మీద పేర్లు అంతకంటే ఎక్కువ కనిపిస్తాయి. దారులు మాత్రం ఆ పాత జనం కోసం వేసుకున్నవి అలాగే మిగిలాయి. నేను ఆనందంగా తొక్కుతున్న ఈ నిశ్శబ్దం ఎవరో ఊరు విడిచి పోగా మిగిలింది. వలసలు చూసిన సీమవాణ్ని కాబట్టి ఆ ఆలోచన నన్ను వదలదు.

ఈ ప్రాంతంలో నాకు ప్రాణం అనిపించే ముక్క కన్యాక్ దగ్గరున్న బ్రోన్య్ అడవి. అడవి అంటే పెద్ద చెట్లు ఊహించుకోకండి. పొట్టి ఓక్ చెట్లు, జునిపర్ పొదలు, వాటి మధ్య ఎముకలా తేలిన తెల్లరాయి. రోడ్డు మధ్యలో గడ్డి మొలిచి ఉంటుంది. రెండు వైపులా నడుము ఎత్తున గోడ, సున్నం లేకుండా మట్టి లేకుండా రాయి మీద రాయి పేర్చింది. ఉత్తరం వైపు ముఖానికి ముదురు పచ్చ నాచు పట్టి ఉంటుంది, దక్షిణం వైపు ముఖం ఎండకు బూడిద రంగులో పొడిగా ఉంటుంది. సైకిల్ ఆపితే గొర్రెల మెడగంటలు వినిపిస్తాయి, గొర్రెలు కనపడవు. కాసేపటికి గోడ మీదుగా ఒక తల లేస్తుంది. తెల్లటి ముఖం, కళ్ల చుట్టూ కళ్లజోడు పెట్టినట్టు నల్లటి మచ్చలు. ఇక్కడి కోసెనార్ద్ జాతి అదే.

2023లో మా బావ కర్నూలు నుంచి వచ్చినప్పుడు అద్దె సైకిల్ ఇప్పించి ఇక్కడికే తీసుకెళ్లాను. గోడ దగ్గర ఆగి, పైన ఉన్న పలకను వేలితో తట్టి, "ఏంరా, ఇది మన నాపరాయే గదా!" అన్నాడు. జాతి ఒకటే, వయసు వేరు. ఇక్కడిది జురాసిక్ కాలపు సముద్రం అడుగున పేరుకున్నది. మన కర్నూలు రాయి అంతకంటే ఎంతో పాతది. నేను ఇదంతా చెబుతుంటే ఆయన వినలేదు, గోడలో మూలరాయి ఎలా కూర్చోబెట్టారో వంగి చూస్తూ ఉండిపోయాడు.

ఇక కష్టాల సంగతి. అన్నిటికంటే పెద్ద కష్టం నీళ్లు. వాన ఎంత పడినా పగుళ్లలోంచి కిందికి దిగిపోతుంది, పైన వాగు అంటూ ఉండదు. బేలుం గుహల్లో పాతాళగంగ చూసినవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. ఇక్కడి పదిరాక్ బిలంలో నది పారేది నేలకు 103 మీటర్ల కింద. 2019 జులైలో, వడగాడ్పుల రోజుల్లో, రెండు సీసాలతో బయల్దేరి మధ్యాహ్నానికే రెండూ ఖాళీ చేశాను. దాటిన ఊళ్లో కొట్టు సోమవారం మూత. తర్వాతి ఊళ్లో కొట్టే లేదు. కళ్లు తిరుగుతుంటే చర్చి నీడలో కూలబడ్డాను. ఒక పెద్దావిడ కిటికీ తెరిచి, ఏమీ అడక్కుండానే శ్మశానం గేటు వైపు చెయ్యి చూపించింది. లోపల గోడ పక్కన కుళాయి ఉంది, సమాధుల మీది పూలకుండీలకు నీళ్లు పోయడానికి పెట్టింది. శ్మశానంలో నీళ్లంటే మనకు మనసు ఒప్పదు, నేనూ ఒక్క క్షణం తటపటాయించాను. ఇప్పుడు ఏ ఊరు వచ్చినా ముందు వెతికేది ఆ గేటే. తాగడానికి పనికిరావని బోర్డు ఉంటే మాత్రం ముట్టుకోవద్దు. ఎండాకాలంలో మనిషికి మూడు లీటర్లు మోయాల్సిందే.

తిండి కూడా వెంట ఉండాలి. కొట్లు పన్నెండు గంటలకు మూసేస్తారు, మళ్లీ మధ్యాహ్నం ఎప్పటికో తెరుస్తారు. నేను డబ్బాలో పులిహోర కట్టుకెళ్తాను, ఎండలోనూ సాయంత్రం దాకా ఆగుతుంది. శాకాహారులకు ఇక్కడి హోటళ్లలో కొంచెం ఇబ్బందే. రొకమదూర్ మేక చీజ్, వాల్‌నట్లు, రొట్టె దొరికితే పూట గడిచిపోతుంది. ఆ చీజ్ బిళ్ల ఒక్కొక్కటి 35 గ్రాములే, రెండు తినండి.

సైకిల్ గురించి. తారు మీద కంకర చల్లి అణిచిన రోడ్లు కావడంతో నేల గరుకు. మొదట 28 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లతో వెళ్లాను, సాయంత్రానికి అరచేతులు మొద్దుబారేవి. 42కి మారాక ఆ బాధ పోయింది, వేగం తగ్గిందనీ అనిపించలేదు. లోయ నుంచి పైకి ఎక్కాలంటే 200 మీటర్ల ఎత్తు, రోజుకు రెండు మూడుసార్లు. ముందు 26 పళ్లు, వెనక 36 పళ్లు ఉన్న తేలిక గేరు నాకు ప్రతి ట్రిప్పులోనూ పనికొచ్చింది. సామానుతో వెళ్లేవాళ్లు దీని దగ్గర పొదుపు చూడకండి. నావి రిమ్ బ్రేకులు, అంటే చక్రం అంచును నొక్కి ఆపేవి. వాన పడితే తెల్లటి రాతిపొడి బురదై రిమ్‌కు అంటుకుని గరగరమని అరగదీస్తుంది. నాలుగేళ్లకే వెనక రిమ్ మార్చాల్సి వచ్చింది. ఇప్పుడు కొనేదైతే డిస్క్ బ్రేకులే కొంటాను. క్యారియర్ బోల్టులు ప్రయాణానికి ముందు మీరే బిగించి చూసుకోండి. సర్వీసుకిచ్చి తెచ్చుకున్న మర్నాడే నాది ఒకటి ఊడి, దిగుడులో సంచి చక్రానికి తగిలింది.

శరదృతువులో పంక్చర్లు ఎక్కువ. కంచెల్ని యంత్రంతో కొట్టేస్తారు, ముళ్లు రోడ్డంతా పడతాయి. మన తుమ్మముల్లంత బలమైనవే. సెప్టెంబరు మధ్య నుంచి చలికాలం చివరిదాకా వేటగాళ్లు కూడా తిరుగుతారు, ముఖ్యంగా ఆదివారాలు. మెరిసే నారింజ రంగు జాకెట్ వేసుకోవాలి, వేట జరుగుతోందన్న బోర్డు కనిపిస్తే వెనక్కి తిరగాలి. అందుకే నా ఓటు మే నెలకు, తర్వాత సెప్టెంబరు మొదటి వారాలకు.

చూడాల్సినవాటిలో పెష్ మెర్ల్ గుహకు నా మొదటి స్థానం. దాదాపు 29,000 ఏళ్ల నాటి చుక్కల గుర్రాలు, వాటి పక్కన మనిషి అరచేతి గుర్తులు. రోజుకు ఇంతమందినే పంపిస్తారు కాబట్టి ముందే బుక్ చేసుకోండి. పదిరాక్ గొప్పదే, కాకపోతే వేసవిలో దాని చుట్టూ ఉన్న రోడ్లు సైకిల్‌కు పనికిరావు.

మొదటిసారి వచ్చేవాళ్లకు ఒక దారి చెబుతాను. రైల్లో ఫిజాక్ మీదుగా అసియే స్టేషన్‌లో దిగి, లివెర్నోన్, ఎస్పెదయ్యాక్, కిసాక్, కన్యాక్ ఊళ్ల మీదుగా బ్రోన్య్‌లో తిరిగి, సాయంత్రం గ్రమా స్టేషన్‌లో రైలెక్కండి. లివెర్నోన్ దగ్గర పియెర్ మర్తీన్ అనే పెద్ద రాతిసమాధి ఉంది, అక్కడ పది నిమిషాలు ఆగండి. ఎక్కుళ్లు తక్కువ, కొత్తవాళ్లకూ ఒక రోజులో అయిపోతుంది. సీసాలు లివెర్నోన్‌లోనే నింపుకోండి.