స్పిన్‌లాకా, మ్యూటెక్సా? లాక్ లోపల మెమరీ అడిగేవారికి ఏది మేలు?

లినక్స్ కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) ఒకే డేటాను ఒకేసారి ఇద్దరు మార్చకుండా కాపాడే లాక్‌లు స్పిన్‌లాక్, మ్యూటెక్స్. ఈ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకునే ముందు ఒక్క సంగతి తేల్చుకోవాలి: లాక్ పట్టుకుని ఉండగా మెమరీ అడగవలసి వస్తుందా?

స్పిన్‌లాక్ దొరకని సీపీయూ నిద్రపోదు, దొరికేదాకా లూప్‌లో తిరుగుతూనే ఉంటుంది. నాలుగు పాయింటర్లు మార్చి వదిలేసే పనికి ఇదే చవక. ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో (హార్డ్‌వేర్ సంకేతానికి వెంటనే స్పందించే కోడ్) నిద్రకు తావు లేదు కాబట్టి అక్కడ మ్యూటెక్స్ ఊసే ఎత్తకూడదు. మ్యూటెక్స్ దొరకని థ్రెడ్ నిద్రపోయి సీపీయూను ఇతరులకు వదులుతుంది. అయితే లాక్ పట్టుకున్న థ్రెడ్ మరో సీపీయూ మీద నడుస్తూ ఉంటే, ఇది కూడా కాసేపు తిరిగి చూస్తుంది. అందువల్ల మ్యూటెక్స్ నెమ్మది అనే మాట ప్రతిసారీ నిజం కాదు.

అసలు చిక్కు మెమరీతో వస్తుంది. కెర్నల్‌లో మెమరీ అడిగే ఫంక్షన్ అయిన కేమాలాక్‌ను, అవసరమైతే ఆగవచ్చని చెప్పే జీఎఫ్‌పీ_కెర్నల్ ఫ్లాగ్‌తో పిలిచినప్పుడు ఖాళీ పేజీలు తక్కువగా ఉంటే, కెర్నల్ పాత పేజీలను విడిపించే పనిలో పడుతుంది. డిస్క్ కోసం ఆగవలసి రావచ్చు. మ్యూటెక్స్ లోపల ఇది చెల్లుతుంది, స్పిన్‌లాక్ లోపల చెల్లదు, ఎందుకంటే స్పిన్‌లాక్ పట్టుకున్న కోడ్ నిద్రపోకూడదు. మెమరీ పుష్కలంగా ఉన్న యంత్రంలో ఈ తప్పు నెలల తరబడి దాగి ఉండగలదు. అందుకే పరీక్షించే కెర్నల్‌లో నిద్రపోకూడని చోట నిద్రపోగల పిలుపులను పట్టే అటామిక్ స్లీప్ తనిఖీని తప్పక ఆన్ చేయండి. నిజంగా నిద్రపోయేదాకా ఆగకుండా మొదటి పిలుపుకే అది హెచ్చరిస్తుంది.

మ్యూటెక్స్ ఉన్నా ఫైల్ సిస్టమ్ కోడ్‌లో ఏమరుపాటు పనికిరాదు. పేజీలు విడిపించే పని తిరిగి అదే ఫైల్ సిస్టమ్‌లోకి వచ్చి అదే లాక్ అడిగితే అంతా స్తంభిస్తుంది. పేజీలు విడిపించేటప్పుడు ఫైల్ సిస్టమ్‌లోకి వెళ్లవద్దని చెప్పే జీఎఫ్‌పీ_నోఎఫ్ఎస్ ఫ్లాగ్ ఉన్నది ఇందుకే.

స్పిన్‌లాక్ లోపల, నిద్రపోకుండా మెమరీ అడిగే జీఎఫ్‌పీ_అటామిక్ వాడవచ్చు కదా అంటారు. వాడవచ్చు, కానీ అది అత్యవసర నిల్వలను తోడుతుంది, పైగా విఫలమయ్యే అవకాశం ఎక్కువ. నేనైతే లాక్ బయటే జీఎఫ్‌పీ_కెర్నల్‌తో నోడ్ (జాబితాలో చేర్చబోయే అంశం) తెచ్చుకుంటాను. తర్వాత స్పిన్‌లాక్ పట్టి, అదే కీ ఈలోగా జాబితాలో చేరిందేమో చూసి, లేకపోతే చేర్చి వదిలేస్తాను. ఉంటే లాక్ వదిలాక, తెచ్చుకున్న నోడ్ మెమరీని కేఫ్రీతో తిరిగి ఇచ్చేస్తాను. అప్పుడప్పుడు ఒక నోడ్ వృథాగా తెచ్చినా, లాక్ పట్టే సమయం బాగా తగ్గుతుంది.

యూజర్ మెమరీలోంచి (మామూలు ప్రోగ్రామ్‌ల మెమరీ) కాపీ చేసే పని లాక్ లోపలే జరగాలంటే మాత్రం చర్చ అక్కర్లేదు, మ్యూటెక్సే; ఆ కాపీ కూడా నిద్రపోవచ్చు.

2024లో 6.12 వెర్షన్‌తో ప్రధాన కెర్నల్‌లో చేరిన రియల్-టైమ్ ఎంపిక ప్రీఎంప్ట్_ఆర్‌టీలో మామూలు స్పిన్‌లాక్ కూడా నిద్రపోయే లాక్‌గా మారుతుంది. ఎప్పుడూ తిరుగుతూనే ఉండే రకం అయిన రా స్పిన్‌లాక్ మారదు, దాని లోపల జీఎఫ్‌పీ_అటామిక్ కూడా నిషిద్ధమే. నోడ్‌ను ముందే తెచ్చుకునే కోడ్‌కు అక్కడా ఇబ్బంది రాదు.