ఎడిన్‌బరో ఫ్రింజ్‌కు ఫ్లాట్ వెతుకుతున్నారా? డబ్బు పంపే ముందు ఇది చదవండి

వచ్చే ఆగస్టులో స్కాట్లాండులో జరిగే నాటకాల పండుగ ఎడిన్‌బరో ఫ్రింజ్‌కు వెళ్దామని బస వెతుక్కుంటున్న తెలుగువాళ్లందరికీ ఈ హెచ్చరిక. ఇంటి యజమాని ఎంత మర్యాదగా మాట్లాడినా సరే, బుకింగ్ వెబ్‌సైటును పక్కనపెట్టి నేరుగా అతని బ్యాంకు ఖాతాకు డబ్బు పంపకండి. మేము పంపాం. 2025 ఆగస్టు 8 సాయంత్రం, జోరు వానలో, లేని ఇంటి కోసం వీధిలో నిలబడ్డాం.

మేముండేది న్యూకాజిల్‌లో. ఎడిన్‌బరోకు రైల్లో గంటన్నర. విజయవాడ నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు వేసవికి మా దగ్గరికి వచ్చారు. మామయ్యగారు వయసులో ఉండగా ఊరూరా పరిషత్తు నాటకాలు ఆడినవారు. 1947లో ఎడిన్‌బరో అంతర్జాతీయ ఉత్సవానికి పిలుపు అందని ఎనిమిది నాటక బృందాలు తమంతట తామే వచ్చి ఆడితే మొదలైన పండుగ ఇదనీ, ఇప్పుడు మూడు వేలకు పైగా ప్రదర్శనలు జరుగుతాయనీ చెప్పగానే ఆయన ముఖం వెలిగిపోయింది. ‘నన్ను ఒక్కసారి తీసుకెళ్లమ్మా’ అన్నారు. ఆయన నోరు తెరిచి ఏదైనా అడగడం నేను చూడటం అదే మొదటిసారి.

ఎడిన్‌బరోలోని మార్చ్‌మాంట్‌లో రెండు పడకగదుల ఫ్లాట్, మూడు రాత్రులకు 540 పౌండ్లు అని ప్రకటన కనిపించింది. ఆగస్టులో ఆ ఊళ్లో అంత తక్కువకు దొరకదు. నేను అక్కడే ఆగాల్సింది. ఫోటోలు బాగున్నాయి, లైసెన్స్ నంబరు కూడా వేశారు. మరునాడు ఫోనుకు సందేశం వచ్చింది: వెబ్‌సైటు కమీషన్ తీసుకుంటుంది, నేరుగా పంపితే 60 పౌండ్లు తగ్గిస్తానని. 480 పౌండ్లు పంపాను. ఆ వెంటనే చిరునామా, తలుపు పక్కనుండే తాళంచెవి పెట్టె నంబరు వచ్చాయి.

చిరునామాలో ఫ్లాట్ నంబరు ‘4ఎఫ్2’ అని ఉంది. ఎడిన్‌బరో పాత భవనాల్లో దాని అర్థం నాలుగో అంతస్తులో రెండో ఇల్లు. వీధి తలుపు దగ్గర కాలింగ్ బెల్ పలకమీద పేర్లన్నీ వేలితో వెతికాను. పైవరుస 3ఎఫ్2 దగ్గరే ఆగిపోయింది. వెనక్కి జరిగి, వాన కళ్లలో పడుతుంటే కిటికీల వరుసలు లెక్కపెట్టాను. కింది ఇళ్లు, వాటిమీద మూడు అంతస్తులు, ఆపైన పైకప్పు. తాళంచెవి పెట్టె లేనే లేదు. దాని నంబరు రాసుకున్న కాగితం నా చేతిలోనే తడిసి ముద్దయింది. కింది ఇంట్లో ఉండే పెద్దావిడ తలుపు తీసి, ఈ నెలలో ఇలా వచ్చిన రెండో కుటుంబం మీదే అన్నారు. మోకాళ్ల నొప్పితో నిలబడలేకపోతున్న అత్తయ్యగారిని లోపల కూర్చోబెట్టి టీ ఇచ్చారు. ఆవిడ మేలు ఎప్పటికీ మరచిపోను.

ఆ రోజు మర్రేఫీల్డ్ మైదానంలో ఒయాసిస్ రాక్ బృందం కచేరీ కూడా ఉండటంతో హోటళ్లన్నీ నిండిపోయాయి. చివరికి ఊరి శివార్లలో నలుగురికీ కలిపి ఒకే గది దొరికింది, రాత్రికి 290 పౌండ్లు. ఏడున్నర నాటకం టికెట్లు వృథా అయ్యాయి. అక్కడ చాలా చోట్ల ప్రదర్శన మొదలయ్యాక లోపలికి రానివ్వరు, డబ్బూ తిరిగి ఇవ్వరు.

స్కాట్లాండులో ఇలా కొద్ది రోజులకు ఇల్లు అద్దెకిచ్చేవారికి సాధారణంగా లైసెన్స్ ఉండాలి, ప్రకటనలో ఆ నంబరు చూపాలి. నంబరు కనిపించింది కదా అని నేను ధీమాగా ఉన్నాను. ఆ రాత్రి హోటల్లో కూర్చుని నగర కౌన్సిల్ రిజిస్టర్‌లో వెతికితే అది నగరంలోని లీత్ ప్రాంతంలో ఉన్న మరెవరి ఇంటిదో అని తేలింది. రిజిస్టర్ ఎవరైనా చూడవచ్చు, ఐదు నిమిషాల పని. నంబరు ఉందా అని కాదు, ఆ నంబరు పక్కనున్న చిరునామా, మీకు చెప్పిన చిరునామా ఒకటేనా అని చూడండి.

ఇప్పటికే మోసపోయినవారు ఆలస్యం చేయకండి. బ్రిటన్‌లో 159కి ఫోన్ చేస్తే చాలా బ్యాంకుల మోసాల విభాగానికి కలుపుతారు. స్కాట్లాండు పోలీసుల నంబరు 101. 2024 అక్టోబరు 7 నుంచి, మోసపోయి బ్రిటన్‌లోని మరో ఖాతాకు పంపిన డబ్బును బ్యాంకులు తిరిగి ఇవ్వాలన్న నిబంధన ఉంది. 100 పౌండ్ల వరకు మినహాయించుకోవచ్చు. నాకు 380 వచ్చాయి. విద్యార్థులు ముఖ్యంగా గమనించండి: ఇండియాలోని నాన్నగారి ఖాతా నుంచి నేరుగా పంపిస్తే ఈ రక్షణ వర్తించదు. హోటలైతే ఇక్కడి క్రెడిట్ కార్డుతో నేరుగా చెల్లించడం మేలు. ధర 100 పౌండ్లు దాటి 30,000 లోపు ఉంటే, 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం ప్రకారం కార్డు ఇచ్చిన బ్యాంకుకూ బాధ్యత ఉంటుంది.

బస కోసం విశ్వవిద్యాలయం వేసవిలో అద్దెకిచ్చే పొలాక్ హాల్స్ గదులు చూడండి. గ్లాస్గోలో ఉండి రైల్లో వచ్చిపోవచ్చు, దాదాపు యాభై నిమిషాలు. అయితే రాత్రి ప్రదర్శనకు టికెట్ కొనే ముందు చివరి రైలు ఎప్పుడో చూసుకోండి. పెద్దవాళ్లతో వెళ్తే మరో జాగ్రత్త: ఫోను మ్యాపులో కౌగేట్ వీధి పక్కనే ఉన్నట్టు కనిపిస్తుంది, కానీ అది వంతెనల కింద ఉంటుంది. మెట్లు దిగాలి, లేదా చుట్టూ తిరిగి రావాలి. ఆ గాలికి గొడుగు నిలవదు, టోపీ ఉన్న రెయిన్‌కోటు తీసుకెళ్లండి.

శనివారం మామయ్యగారు ఒక పబ్బు నేలమాళిగలో ఉచిత ప్రదర్శన చూశారు. ఒంటరిగా నలభై మందిని నవ్వించిన ఆ అమ్మాయి చివర్లో బకెట్టు పట్టుకుని తలుపు దగ్గర నిలబడితే, ఆయన ఇరవై పౌండ్ల నోటు వేసి రెండు చేతులెత్తి నమస్కరించారు. ఆయనకు ఇవ్వాలనుకున్నవి అలాంటి మూడు రోజులు. ఒకటిన్నరే దక్కింది.

అవే ఫోటోలతో మరో పేరు మీద ప్రకటన నిన్న మళ్లీ కనిపించింది. నీలం రంగు వీధి తలుపు, గుండ్రటి కిటికీ దగ్గర పసుపు కుర్చీ, గోడమీద గుర్రం బొమ్మ. వెబ్‌సైటువారికీ పోలీసులకూ తెలియజేశాను, ఇంకా తీసేయలేదు. ఆ పసుపు కుర్చీ కనిపిస్తే ఒక్క పౌండు కూడా పంపకండి.