స్నేహం కార్డుల పెట్టె: ప్రశ్నలు ఉంచుకోండి, మార్కుల పట్టీ తీసేయండి

‘చెడు స్నేహాలు వద్దు’ అని పిల్లలకు చెప్పే వస్తువులు బోలెడు ఉన్నాయి. చెడు స్నేహాన్ని ఎలా గుర్తుపట్టాలో చెప్పేవి మాత్రం తక్కువ. పదేళ్ల మా అమ్మాయితో ఆడుతున్న ఈ కార్డుల పెట్టె ఆ పని చాలావరకు చేస్తోంది.

పెట్టెలో ప్రశ్నల కార్డులు, ఒక చిన్న పుస్తకం, మార్కుల పట్టీ ఉంటాయి. కార్డులు మందంగా ఉన్నాయి, అక్షరాలు పెద్దవి. ఎవరు కార్డు తీసినా ఇద్దరూ జవాబు చెప్పాలి. పెద్దవాళ్లు కూడా తమ స్నేహితుల గురించి చెప్పాలన్న ఈ నియమం నాకు ఎంతో నచ్చింది. దాని వల్లే పిల్లలకు తమను నిలదీస్తున్నారనే భయం ఉండదు.

‘నీ స్నేహితురాలు మంచిదేనా?’ అని ఒక్క కార్డూ అడగదు. అలా అడిగితే ఏ పిల్లయినా ‘మంచిదే’ అని ఊరుకుంటుంది. ఇవి చేతల గురించి అడుగుతాయి. ‘నువ్వు గెలిచినప్పుడు తను ఏమి చేస్తుంది?’ అన్న కార్డు వచ్చినప్పుడు మా అమ్మాయి దాని అంచును గోటితో గీరుతూ కాసేపు ఆలోచించింది. ‘ఓడిపోతే బాగా ఓదారుస్తుంది. గెలిస్తే మాత్రం ఆ రోజంతా నాతో మాట్లాడదు’ అంది. ఆ సంగతి నేను ఎన్నిసార్లు అడిగినా బయటికి వచ్చేది కాదు.

రహస్యాల కార్డులు కూడా అంతే బాగున్నాయి. పుట్టినరోజు కానుక సంగతి దాచడం ఒక కార్డు, ‘ఇంట్లో చెప్పావంటే నీతో మాట్లాడను’ అన్న బెదిరింపును దాచడం మరొకటి. రెండూ పక్కపక్కన పెట్టేసరికి తేడా పిల్లలకే అర్థమవుతుంది.

పెట్టె మీద 6 నుంచి 12 ఏళ్ల వారికి అని వేశారు. దీనితో నేను ఏకీభవించను. స్నేహమంటే ఏమిటన్నది వయసుతో పాటు మారుతుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ సెల్మన్ దశలవారీగా వివరించారు. చిన్నపిల్లలకు ఆ పూట పక్కన ఉండి ఆడుకునేవారే స్నేహితులు. ఇచ్చిపుచ్చుకోవడం తర్వాత వస్తుంది, మనసులో మాట నమ్మి చెప్పుకోవడం ఇంకా తర్వాత. పొద్దున కొట్టుకుని సాయంత్రం కలిసి ఆడుకునే ఆరేళ్ల పిల్లల ముందు నమ్మకద్రోహం గురించిన కార్డు పెట్టి ప్రయోజనం లేదు. ఎనిమిదేళ్లు దాటాకే కొనండి.

ఇక మార్కుల పట్టీ. స్నేహితుల పేర్లు రాసి ఒక్కొక్కరికి పదికి ఇన్ని అని వేయాలట, ఐదులోపు వస్తే దూరం పెట్టాలట! ఇంట్లో ఏదో కష్టం వచ్చి వారం రోజులు చిరాకుగా ఉన్న పిల్లవాడికి ఆ లెక్కలో ఐదులోపే వస్తాయి. ఆ కాగితం బడిలో ఎవరి కంటనైనా పడితే జరిగే గాయం సంగతి తయారుచేసినవారు ఆలోచించలేదు. నేను దాన్ని చింపేశాను. మీరూ పిల్లల చేతికి ఇవ్వకండి.

ఇంకో పెద్ద లోటు, దాదాపు ప్రతి కార్డూ ‘నీ స్నేహితుడు’, ‘నీ స్నేహితురాలు’ అని మొదలవడం. స్నేహితులే లేని పిల్లలకు ప్రతి ప్రశ్నా గుచ్చుకుంటుంది. అలాంటి పిల్లలు ఇంట్లో ఉంటే ఆ కార్డులు ముందే తీసి పక్కన పెట్టి, ‘ఎవరి పక్కన కూర్చుంటే నీకు హాయిగా ఉంటుంది?’ అన్న కార్డుతో మొదలుపెట్టండి. దానికి జవాబుగా ఒక్క పేరు వచ్చినా, ఆ పిల్లనో పిల్లవాడినో సెలవురోజున ఆడుకోవడానికి ఇంటికి పిలవండి.