వన్‌లుక్: అక్షరాలను బట్టి ఆంగ్ల పదాలను వెదికే సేవ

నిఘంటువులో పదం దొరకాలంటే దాని మొదటి అక్షరాలు ముందుగా తెలిసి ఉండాలి. పదం చివరి భాగం మాత్రమే గుర్తున్నప్పుడు, మధ్యలో ఒక అక్షరం మీద అనుమానం ఉన్నప్పుడు, లేదా ఒకే విధంగా ముగిసే పదాలన్నిటినీ ఒకచోట చూడవలసి వచ్చినప్పుడు అచ్చు నిఘంటువు మనకు సాయపడలేదు. ఆ అవసరాన్ని తీర్చడానికి 1996 నుంచి ఇంటర్నెట్‌లో పనిచేస్తున్న సేవ వన్‌లుక్. ఇది స్వయంగా నిఘంటువు కాదు. వందలాది నిఘంటువులలోని పదాల పట్టికలను ఒకచోట కూర్చి, మనం అడిగిన అక్షరాలున్న పదాలను, పదబంధాలను చూపి, అర్థం కోసం ఆయా నిఘంటువులకు దారి చూపుతుంది. రుసుము లేదు, ఖాతా తెరవవలసిన పనీ లేదు.

వెదికే పద్ధతి కొన్ని గుర్తుల మీద ఆధారపడి ఉంటుంది. నక్షత్రపు గుర్తు ఎన్ని అక్షరాలకైనా బదులుగా నిలుస్తుంది, ప్రశ్నార్థకం సరిగ్గా ఒక్క అక్షరానికే నిలుస్తుంది. అక్షరాల ముందు రెండు వాలుగీతలు పెడితే వాటిని తారుమారు చేసి ఏర్పడే పదాలను చూపుతుంది కాబట్టి గళ్ళనుడికట్టు నింపేవారికి ఇది బాగా పనికొస్తుంది. చివర మైనస్ గుర్తు పెట్టి ఒక అక్షరం రాస్తే, ఆ అక్షరం ఉన్న పదాలను వదిలేస్తుంది. క్యూతో మొదలై ఎక్కడా యూ లేని పదాలను ఇలా అడిగినప్పుడు వచ్చే వాటిలో హైదరాబాదు వారికి చిరపరిచితమైన ఖవ్వాలీ కూడా ఒకటి.

తెలుగువారికి ఈ సేవ ఎందుకు ప్రత్యేకంగా అవసరమో ఒక ఉదాహరణతో చెప్పవచ్చు. ఎక్సీడ్, ప్రిసీడ్, సూపర్సీడ్ అనే మూడు పదాలను మన లిపిలో రాస్తే మూడింటి చివరా ‘సీడ్’ ఒకేలా ఉంటుంది. ఆంగ్లంలో మాత్రం మొదటిది సీ-ఈ-ఈ-డీ అని, రెండవది సీ-ఈ-డీ-ఈ అని, మూడవది ఎస్-ఈ-డీ-ఈ అని ముగుస్తాయి. పలికినట్టే రాసే అలవాటున్న మనకు చెవి ఇక్కడ తోడ్పడదు. వన్‌లుక్‌లో నక్షత్రం పక్కన సీ-ఈ-ఈ-డీ పెట్టి వెదికితే నిత్యం వాడుకలో ఉన్నవి ఎక్సీడ్, ప్రొసీడ్, సక్సీడ్ అనే మూడేనని తేలిపోతుంది. ఎస్-ఈ-డీ-ఈ అని ముగిసే మామూలు పదం సూపర్సీడ్ ఒక్కటే. కన్సీడ్, రిసీడ్, ఇంటర్సీడ్ వంటి మిగిలిన వాటిని రెండవ పద్ధతిలో రాయాలి. ‘మించిపోవు’, ‘ముందుకు సాగు’, ‘నెగ్గు’ అన్న మూడు అర్థాలతో మొదటి జట్టును గుర్తుపెట్టుకున్న విద్యార్థి ఆ తరువాత తడబడడు. వర్ణక్రమ సూత్రాన్ని ఉపాధ్యాయుడు చెప్పగా వల్లె వేయడం కంటే జాబితాను తానే తెప్పించుకుని చూసి గ్రహించడం మేలని నా గట్టి నమ్మకం. ఈ సేవను మెచ్చుకోవడానికి నాకున్న మొదటి కారణం అదే.

అయితే అదే వెదుకులాటలో ఒక హెచ్చరిక కూడా ఉంది. సూపర్సీడ్‌ను సీతో రాసే పొరపాటు ఆంగ్లేయులలోనూ ఎంతగా పాతుకుపోయిందంటే, దానిని రూపాంతరంగా చేర్చుకున్న నిఘంటువులు ఉన్నాయి. వన్‌లుక్ ఒప్పూ తప్పూ తేల్చదు, నిఘంటువులలో ఉన్నదాన్ని ఉన్నట్టుగా జాబితాకు ఎక్కిస్తుంది. పరీక్షకు సిద్ధమయ్యేవారు జాబితాలో కనబడిందని ఒక రూపాన్ని ఖాయం చేసుకోకుండా, కనీసం ఒక ప్రామాణిక నిఘంటువు పుటను తెరిచి చూడాలి.

సీ-ఐ-డీ-ఈ అన్న నాలుగు అక్షరాలతో ముగిసే పదాలను వెదికినప్పుడు ఈ సేవ బలమూ పరిమితీ రెండూ ఒకేసారి బయటపడతాయి. హోమిసైడ్ అంటే నరహత్య, రెజిసైడ్ అంటే రాజహత్య, ఫ్రాట్రిసైడ్ అంటే సోదరహత్య, ఇన్‌ఫాంటిసైడ్ అంటే శిశుహత్య. ఒక జాతిని సమూలంగా తుడిచిపెట్టడం అనే అర్థంలో న్యాయవేత్త రఫాయెల్ లెమ్కిన్ సృష్టించి 1944లో ప్రచురించిన జెనొసైడ్ అనే పదం కూడా ఆ వరుసలోదే. స్టాఫ్ సెలెక్షన్ వంటి పరీక్షలలో వర్ణనకు ఏకపదం రాయమనే ప్రశ్నలు తరచూ ఈ జట్టు నుంచే వస్తాయి. మన రైతులందరికీ తెలిసిన పెస్టిసైడ్ అదే జాబితాలో ఉన్నా, అక్కడ ఆ ముగింపు చంపడాన్ని కాక చంపే వస్తువును సూచిస్తుంది. రెజిసైడ్‌కు మాత్రం రాజును చంపడమనే అర్థంతో పాటు రాజును చంపినవాడనే అర్థమూ ఉంది. ఇంతవరకు అక్షరాల పోలికా అర్థాల పోలికా కలిసే నడుస్తాయి. కానీ నిర్ణయించడం అనే అర్థమున్న డిసైడ్, ఏకకాలంలో జరగడం అనే అర్థమున్న కోయిన్‌సైడ్ కూడా అదే జాబితాలో ప్రత్యక్షమవుతాయి. డిసైడ్‌కు లాటిన్ మూలం ‘కోసివేయడం’ కాబట్టి దానికి హోమిసైడ్‌తో దూరపు చుట్టరికం నిజంగానే ఉంది. కోయిన్‌సైడ్ మాత్రం ‘పడటం’ అనే వేరే లాటిన్ ధాతువు నుంచి వచ్చింది, దానికి ఈ కుటుంబంతో ఏ సంబంధమూ లేదు. ఈ తేడాను వన్‌లుక్ జాబితా చెప్పదు. అమెరికాలోని తెలుగు కుటుంబాల పిల్లలు పట్టుదలతో సిద్ధమయ్యే స్పెల్లింగ్ బీ పోటీలో పదం ఏ భాష నుంచి వచ్చిందని అడిగే హక్కు పోటీదారుకు ఉంటుంది. అలాంటి పోటీకి చదివేవారు ఈ జాబితాను తొలి మెట్టుగానే తీసుకుని, ధాతువుల కోసం ఆ పోటీకి ప్రమాణమైన మెరియమ్ వెబ్‌స్టర్ బృహత్ నిఘంటువును ఆశ్రయించాలి.

అక్షరాలనూ అర్థాన్నీ కలిపి అడిగే వెసులుబాటు ఈ సేవలో అన్నిటికంటే విలువైనదని నేను భావిస్తాను. అక్షరాల తరువాత కోలన్ పెట్టి, కావలసిన భావాన్ని ఆంగ్లంలో రాస్తే ఆ రెండు షరతులకూ సరిపడే పదాలు వస్తాయి. జీ-ఎల్ అక్షరాలతో మొదలై మెరుపుకు సంబంధించినవి కావాలని అడగండి: గ్లో, గ్లీమ్, గ్లింట్, గ్లిట్టర్, గ్లిసన్, గ్లిమ్మర్ అన్నీ వరుసకట్టి వస్తాయి. తెలుగులో తళుకు, తళతళ, తళుక్కు అనే మాటలు ధ్వనిలోనూ అర్థంలోనూ దగ్గరగా ఉన్నట్టే ఇవీ ఉంటాయి. అయితే స్థిరమైన కాంతికి గ్లో, మినుకుమినుకుమనే వెలుగుకు గ్లిమ్మర్, క్షణకాలపు మెరుపుకు గ్లింట్ అన్న సూక్ష్మభేదాలు పక్కపక్కన చూసినప్పుడే తెలుస్తాయి. ఏకపద ప్రశ్నల సాధనకూ ఇదే మార్గం: పీ అక్షరం, నక్షత్రం, కోలన్ రాసి, మానవాళిని ప్రేమించేవాడు అన్న వర్ణన ఇస్తే ఫిలాంత్రపిస్ట్ దొరుకుతుంది.

పదబంధాల కోసం ఒక మాటకు ఇరువైపులా రెండేసి నక్షత్రాలు పెట్టాలి. నీటిని సూచించే వాటర్ అనే మాటతో ప్రయత్నిస్తే, నీటికే పరిమితమైన మాటల మధ్య ‘హోల్డ్ వాటర్’ వంటి నుడికారాలూ వస్తాయి. వాదన నిలబడటమనే దాని అర్థాన్ని విడిగా తెరిచి చదువుకోవాలి.

లోపాలు లేకపోలేదు. గుర్తులు వాడే పద్ధతిని వివరించిన పుట ఆంగ్లంలోనే ఉంది, కొత్తవారికి అది కొంత గజిబిజిగా ఉంటుంది. జాబితాలలో మామూలు పదాలతో పాటు వ్యక్తుల పేర్లు, ఊర్ల పేర్లు, సంక్షిప్త రూపాలు కలిసిపోతాయి. అసభ్య పదాలు కూడా రావచ్చు కాబట్టి చిన్న తరగతుల పిల్లలకు దీన్ని ఒంటరిగా అప్పగించకూడదు. తెలుగు అర్థాలు ఇందులో లేవు. ఆంగ్ల వివరణ మింగుడుపడనివారు పదాన్ని ఇక్కడ పట్టుకుని, బ్రౌన్, శంకరనారాయణ నిఘంటువులను ఒకచోట వెదకనిచ్చే ఆంధ్రభారతి వెబ్‌సైటులో చూసుకోవడం మంచిది.

ఉన్నత పాఠశాల స్థాయి దాటిన విద్యార్థులకు, వారికి ఆంగ్లం బోధించేవారికి, ఏకపద ప్రశ్నలు ఎదుర్కొనే ఉద్యోగార్థులకు ఈ సేవను సంకోచం లేకుండా సిఫారసు చేస్తున్నాను. స్క్రాబుల్ ఆడేవారు మాత్రం ఇక్కడ దొరికిన పదం పలక మీద చెల్లుతుందని అనుకోకుండా, తమ పోటీకి ప్రమాణంగా పెట్టుకున్న పదజాబితాతో సరిచూసుకోవాలి.